నేను అనమన్నారు, మేము అన్నాం

ఈ వ్యాసం నిండా 'మేము' అనే మాట వస్తుంది. గొప్పకి అంటున్నది కాదు. మా గూడెంలో ఒక్క మనిషిని పలకరించినా జవాబు అలాగే వస్తుంది. "ఏం తిన్నావే?" అని అవ్వ అడిగితే "చోడి అంబలి తాగేం" అనేవాళ్ళం. తాగింది ఒక్కళ్ళమే అయినా కుండ అందరిదీ కదా. అందుకని ఇక్కడ 'మేము' అంటే ఒకచోట మా ఇల్లు, ఒకచోట మా బడి, ఒకచోట కొండ దిగి వచ్చినవాళ్ళం అందరం. కొన్నిచోట్ల మేము ఒక్కళ్ళమే. తప్పు చేసిన చోట మాత్రం మేము ఒక్కళ్ళమే అని ముందుగానే ఒప్పుకుంటున్నాం.

మాది పాడేరు అవతల ఒక కొండదొరల గూడెం. మా అవ్వ కుబి మాట్లాడేది. బడి పుస్తకాల్లో దాన్ని కొండ భాష అని రాస్తారు. మాకు వింటే అర్థమవుతుంది, మాట్లాడబోతే సగంలో తెలుగు వచ్చేస్తుంది. భీమునిపట్నం డైట్‌లో టీచర్ ట్రైనింగ్ చేశాం. డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు గాజువాక వైపు ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో పనిచేస్తున్నాం. కిరండూల్ నుంచి ఇనుప రాయి వేసుకుని వచ్చే గూడ్సు బండ్లు మా కొండల మీదుగానే కొత్తవలసకి దిగి, ఓడరేవుకి చేరతాయి. మా మనుషులు కూడా అలాగే దిగుతూ ఉన్నారు. కొందరు చదువుకి, కొందరు తాపీ పనికి, కొందరు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కూలికి. మా బడిలో ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురు కొండ పిల్లలు ఉంటారు.

ఈ నగరంలో దిగులుకి మందు ఇస్తామనేవాళ్ళు చాలామంది. కరెంటు స్తంభాల మీద, ఆటోల వెనకాల కాగితాలు అంటించి ఉంటాయి. ధ్యానం, రేకీ, హిప్నాటిజం, మైండ్ పవర్, జ్ఞాపకశక్తి. అందులో ఒకటి ఎన్‌ఎల్‌పీ. పూర్తి పేరు న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్. దానితో మాకు రెండుసార్లు పని పడింది. ఒకసారి బడిలో, ఒకసారి ఇంట్లో. ఆ రెండూ మన పిల్లలకీ, కొత్తగా ఉద్యోగాల్లోకి వస్తున్న మన టీచర్లకీ ఉపయోగపడతాయని రాస్తున్నాం.

మొదటిది 2017లో. టీచర్లకి ఒకరోజు శిక్షణ అని పిలిచారు. కోటు వేసుకున్న ఒక ట్రైనరు వచ్చాడు. బాగా మాట్లాడాడు. న్యూరో అంటే నాడులు, లింగ్విస్టిక్ అంటే భాష, ప్రోగ్రామింగ్ అంటే కంప్యూటర్లో రాసుకునే ఆదేశం లాంటిది అన్నాడు. మనం లోపల ఏ మాట అనుకుంటామో శరీరం ఆ మాట ప్రకారం నడుస్తుంది, మాట మార్చుకుంటే మనిషి మారతాడు అన్నాడు. అందరికీ తెల్ల కాగితాలు ఇచ్చి, 'నేను' అని మొదలుపెట్టి పది వాక్యాలు రాయమన్నాడు. నేను సాధించగలను, నేను ధైర్యవంతుణ్ణి, అలాగ.

మేము రాసి ఇచ్చాం. ఆయన చదివి, నవ్వి, మైకులో అడిగాడు. "మేడమ్, మేము మేము అని రాశారు. మేము అంటే ఎవరండీ? మీరొక్కరే కదా ఉన్నారు?" హాలంతా నవ్వింది. "మీకోసం మీరు బతకడం నేర్చుకోండి. నేను అనండి" అన్నాడు. నిలబడి అన్నాం. 'నేను సాధించగలను.' మాట బయటికి వచ్చింది గాని అది ఎవరిదో చీర కట్టుకున్నట్టు ఉంది. ఆయన తప్పు పట్టాడని కాదు. ఆయన దృష్టిలో దిగులు ఒక్క మనిషికి వస్తుంది, ఒక్క మనిషిలోంచే పోతుంది. మా దగ్గర అలా కాదు.

ఇంటికి వచ్చాక ఈ విద్య ఎక్కడిదో తెలుసుకోవాలనిపించింది. 1970ల్లో అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా క్రజ్ క్యాంపస్‌లో ఇది మొదలైంది. జాన్ గ్రిండర్ అక్కడ భాషాశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. రిచర్డ్ బ్యాండ్లర్ అక్కడే చదివే విద్యార్థి. ఆ రోజుల్లో మనసు జబ్బులు నయం చేయడంలో పేరున్న ఫ్రిట్జ్ పెర్ల్స్, వర్జీనియా సటీర్, మిల్టన్ ఎరిక్సన్ అనే వాళ్ళు రోగులతో ఎలా మాట్లాడుతున్నారో వీళ్ళిద్దరూ గమనించి, ఆ మాటల పద్ధతిని సూత్రాలుగా రాశారు. మొదటి పుస్తకం 1975లో వచ్చింది. తెలుగులో ఎన్‌ఎల్‌పీ అనే పేరు వినపడక ముందే ఈ గాలి వీచింది. ఇంద్రజాలంతో పేరు తెచ్చుకుని హిప్నాటిజం వైపూ, వ్యక్తిత్వ వికాసం వైపూ వచ్చిన బి.వి. పట్టాభిరామ్, 'విజయానికి ఐదు మెట్లు' రాసిన యండమూరి వీరేంద్రనాథ్ మా తరం హాస్టల్ పిల్లలందరికీ తెలుసు. డైట్ హాస్టల్లో ఆ పుస్తకం అట్ట ఊడిపోయి చేతులు మారేది.

ఎన్‌ఎల్‌పీ వాళ్ళు తరచుగా చెప్పే మాట ఒకటి ఉంది. పటం వేరు, నేల వేరు అని. ఇది వాళ్ళు పుట్టించింది కాదు. ఆల్ఫ్రెడ్ కోర్జిబ్‌స్కీ అనే ఆయన అంతకు ముందే అన్నాడు. ఆయన పెద్ద పుస్తకం 1933లో వచ్చింది. మన విశాఖ ఓడరేవు మొదలైన సంవత్సరం కూడా అదే. ఈ మాట మాకు బాగా నచ్చింది. మా తరగతి గోడకి జిల్లా పటం ఉంది. దాని మీద మా గూడెం లేదు. ఏ కొండ పిల్ల వచ్చినా మొదట ఆ పటంలో తన ఊరు వెతుక్కుని, కనపడక వెళ్ళి కూర్చుంటుంది. పటంలో లేనంత మాత్రాన ఊరు లేకుండా పోదు కదా. మన గురించి ఇతరులు గీసిన పటం, మన గురించి మనమే గీసుకున్న పటం, రెండూ మనం కాదు. ఇంతవరకు ఎన్‌ఎల్‌పీ చెప్పింది నిజమే.

ఇంకొకటి కూడా పనికి వచ్చింది. మనిషి బాధలో ఉన్నప్పుడు మాటలు పెద్దవైపోతాయి. 'ఎప్పుడూ', 'ఎవరూ', 'ఏమీ', 'అందరూ' అనే మాటలు వచ్చి కూర్చుంటాయి. అలాంటి మాట వినపడితే దాన్ని పట్టుకుని అడగాలని బ్యాండ్లర్, గ్రిండర్ మొదటి పుస్తకంలోనే ఉంది. మేము తరగతిలో చేసి చూశాం. ఐదో తరగతి పిల్ల "నాకు లెక్కలేమీ రావు" అంది. "ఏ లెక్క రాదమ్మా?" అన్నాం. "భాగారం." "ఒక అంకెతో భాగిస్తే?" "వస్తాది." "రెండంకెలతో?" "రాదు." అయితే రానిది ఒక్క మెట్టే. వారం రోజుల్లో వచ్చేసింది. ఇంకో పిల్లాడు "అందరూ నన్ను కొండోడా అంటారు" అని ఏడ్చాడు. "అందరూ అంటే ఎవరెవరు?" అని వేళ్ళు లెక్కపెట్టించాం. ముగ్గురు. ఆ ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళి మాట్లాడాం. అందరితో పోట్లాడలేం గాని ముగ్గురితో మాట్లాడగలం.

ఇక మేము చేసిన తప్పు.

ఆ శిక్షణలోనే ట్రైనరు కళ్ళ పాఠం చెప్పాడు. బోర్డు మీద ముఖం బొమ్మ గీసి, మనిషి చూపు పైన ఒక పక్కకి వెళితే గుర్తు తెచ్చుకుంటున్నట్టు, రెండో పక్కకి వెళితే కల్పించి చెబుతున్నట్టు, కిందికి వెళితే లోపల ఇంకేదో నడుస్తున్నట్టు అని బాణం గుర్తులు వేశాడు. మేము నోటు పుస్తకంలో ఆ బొమ్మ గీసుకున్నాం.

ఆ ఏడాది చలికాలంలో ఏడో తరగతిలో ఒక పిల్ల ఫీజు కోసం తెచ్చిన మూడు వందలు పోయాయి. హాస్టల్ నుంచి వచ్చే ఒక కొండ పిల్లాడు ఆ బల్ల దగ్గరే కూర్చునేవాడు. మా సంత వైపు పిల్లాడే. పిలిచి అడిగాం. వాడు నేల చూస్తూ, తర్వాత పక్కకి చూస్తూ, "నాను తియ్యలేదు టీచరమ్మా" అన్నాడు. మా బుర్రలో ఆ బొమ్మ మెదిలింది. "కళ్ళలోకి చూసి చెప్పు" అన్నాం. వాడు ఇంకా కిందికి చూశాడు. మళ్ళీ అడిగాం, గొంతు పెంచి. తరగతి అంతా చూస్తోంది. వాడు ఇంకేమీ మాట్లాడలేదు.

మా గూడేల్లో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడడం మర్యాద కాదు. ఇది మాకు తెలియనిది కాదు. మా నాన్న మందలిస్తే మేము కూడా నేలే చూసేవాళ్ళం. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతిని ఒక పూట విన్న పాఠం కప్పేసింది. డబ్బు రెండు రోజుల తర్వాత ఆ పిల్ల అట్ట వేసుకున్న పుస్తకంలోనే, అట్టకీ పేజీకీ మధ్య దొరికింది. ఈలోగా పిల్లాడు హాస్టల్ నుంచి వెళ్ళిపోయాడు. సంక్రాంతి సెలవులు అయ్యాక కూడా రాలేదు. ఊరికి కబురు పెట్టాం. "మా వోడు దొంగ కాదమ్మా" అని తండ్రి చెప్పి పంపాడు. అంతే.

తర్వాత చదివి తెలుసుకున్నాం. కళ్ళ పాఠం నిలబడలేదు. 2012లో బ్రిటన్‌కి చెందిన రిచర్డ్ వైజ్‌మన్ బృందం దాన్ని పరీక్షించింది. అబద్ధం చెప్పేవాళ్ళ చూపు, నిజం చెప్పేవాళ్ళ చూపు ఆ బొమ్మలో చెప్పినట్టు వేరువేరుగా వెళ్ళలేదు. ఆ బొమ్మ నేర్చుకున్నవాళ్ళు నేర్చుకోనివాళ్ళ కన్నా ఎక్కువగా అబద్ధాన్ని పట్టుకోలేకపోయారు. అంతకు చాలా ముందు, 1988లోనే, అమెరికా సైన్యం అడిగితే అక్కడి జాతీయ పరిశోధన మండలి ఎన్‌ఎల్‌పీని పరిశీలించి, దీనికి గట్టి రుజువులు లేవని చెప్పింది. ఇవన్నీ ఆ శిక్షణ కన్నా ముందు వచ్చినవే. మా హాలులో ఎవరూ చెప్పలేదు, మేము అడగలేదు. బి.ఎడ్. లేకపోయినా డిప్లొమా ఉంది కదా, పిల్లల మనస్తత్వం పేపరు రాశాం కదా. 'దీనికి రుజువు ఏమిటండీ?' అనే ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఒక పిల్లాడి చదువు మిగిలేది.

రెండోసారి మా ఇంట్లో. 2023లో మా తమ్ముడికి కాంట్రాక్టు పని పోయింది. ఏడేళ్ళు చేసిన పని. కాంట్రాక్టరు మారాడు, కొత్త జాబితాలో పేరు లేదు. రెండు నెలల జీతం కూడా రావాలి. మొదట ధైర్యంగానే ఉన్నాడు. రోజూ లేబరు అడ్డాకి వెళ్ళి నిలబడేవాడు. నెల తిరిగేసరికి రాత్రిళ్ళు నిద్ర లేదు. తిండి తగ్గింది. మందు ఎక్కువైంది. మరదలు పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చేసింది.

మా బడిలోని వాళ్ళే ఒకరు చెప్పారు, బీచ్ రోడ్డులో మూడు రోజుల కోర్సు ఉంది, మనిషి మారిపోతాడు అని. కళ్ళ పాఠంతో అంత దెబ్బ తిని కూడా తమ్ముడి కోసం నమ్మాం. ఆరు వేలు కట్టాం. బాధలో ఉన్న ఇల్లు ఏ తలుపు కనపడితే ఆ తలుపు కొడుతుంది. ఎవరినీ తప్పు పట్టలేం.

మూడో రోజు అక్కడ నిప్పుల మీద నడిపించారు. తమ్ముడు ఇంటికి వచ్చి వెలిగిపోతూ చెప్పాడు. మా అమ్మ నవ్వింది. "గుండం తొక్కడం మనకి కొత్తేట్రా?" అంది. పండుగల్లో గుండం తొక్కేవాళ్ళు ఉపవాసం ఉంటారు, మొక్కుకుంటారు, ఊరంతా డప్పు కొడుతూ వెంట ఉంటుంది. కాలకపోవడంలో మాయేమీ లేదు. బొగ్గు వేడిని పాదానికి నెమ్మదిగా ఇస్తుంది, నడక ఆగకుండా నాలుగడుగుల్లో దాటేస్తాం. ఆగితే కాలుతుంది. ఎన్‌ఎల్‌పీ నేర్చుకుని ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న టోనీ రాబిన్స్ సభలో, 2016లో అమెరికాలోని డల్లాస్‌లో ముప్పై మందికి పైగా కాళ్ళు కాల్చుకున్నారు. బొగ్గుకి మన ఆత్మవిశ్వాసంతో పని లేదు.

ఆ వెలుగు పది రోజులు ఉంది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి 'నేను గెలుస్తాను' అనేవాడు. పదకొండో రోజు నుంచి లేవలేదు. కోర్సులో చెప్పిన మాటలు రెండు వాడికి ముల్లులా గుచ్చుకున్నాయి. మనిషికి కావలసిన వనరులన్నీ మనిషిలోనే ఉన్నాయి అన్నది ఒకటి. ఓటమి అనేదే లేదు, దాన్నుంచి తెలుసుకునేదే ఉంది అన్నది రెండోది. ఒకరాత్రి అన్నం దగ్గర కూర్చుని మాతో అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. "అప్పా, అన్నీ నాలోనే ఉన్నాయంట. మరి పని దొరకలేదంటే లోపం నాదే గదా. ఇలాంటోడు బతికి ఏటి లాభం?"

ఆ మాట విని మాకు చేతులు చల్లబడ్డాయి. ఆలోచించండి. రావలసిన రెండు నెలల జీతం వాడిలో లేదు, కాంట్రాక్టరు దగ్గర ఉంది. కొత్త జాబితా వాడిలో లేదు, ఏదో ఆఫీసు బల్ల మీద ఉంది. ఇంటి అద్దె వాడిలో లేదు. బయట ఉన్న బరువునంతా 'నేను' అనే ఒక్క మాట మీద పెడితే ఆ మాట విరిగిపోతుంది. 2009లో కెనడాలో జోన్ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె బృందం ఒక పరిశోధన చేశారు. తమని తాము తక్కువగా చూసుకునేవాళ్ళ చేత తమ గురించి మంచి మాటలు పదే పదే అనిపిస్తే వాళ్ళ మనసు ఇంకా కుంగింది. మంచి మాట మీద నమ్మకం ఉన్నవాడికే ఆ మాట కొంచెం పనిచేసింది. లోపలి నుంచి 'అబద్ధం' అని వినపడేవాడికి అది ఇంకో దెబ్బ.

ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా పడుకోనివ్వలేదు. ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేశాం. డబ్బు లేదు, తెలుగులోనే మాట్లాడారు. వాళ్ళు చెప్పినట్టు పొద్దున్నే ప్రభుత్వ ఆసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. విశాఖలో ఉన్న మాకు వాల్తేరు అంటే భయం. అక్కడి మానసిక ఆసుపత్రి పేరు తిట్టుగా వాడతారు. పిల్లలు కూడా 'వాల్తేరు పంపించాలిరా నిన్ను' అంటారు. ఆ రోజు తర్వాత మా తరగతిలో ఆ మాట అననివ్వడం లేదు. డాక్టరమ్మ వాడి కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూడలేదు. ఎన్ని గంటలు నిద్రపోతున్నావు, ఎప్పటి నుంచి, ఎంత తాగుతున్నావు, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడిగింది. మాత్రలు రాసింది. గుణం కనపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఈలోగా మానేయకూడదు, తగ్గిందని మీ అంతట మీరు ఆపకూడదు అని మాకు చెప్పింది, వాడికి కూడా చెప్పింది.

మా అమ్మ ఊరుకోలేదు. దిసారి దగ్గరికి తీసుకెళ్ళాలంది. మేము ఒక షరతు పెట్టాం, మాత్రలు ఆపకూడదని. ఈ షరతుకి కారణం ఉంది. మా చిన్నమ్మకి జ్వరం వచ్చినప్పుడు మూడు రోజులు మంత్రంతోనే గడిపారు. డోలీ కట్టి కిందికి దించేసరికి మలేరియా మెదడుకి ఎక్కేసింది. అప్పుడు మేము పదో తరగతి. కాబట్టి మనది అన్న ప్రతిదీ మంచిదని మేము చెప్పం. జ్వరం వస్తే ముందు రక్తపరీక్ష. రక్తంలోని పురుగుకి మాట వినపడదు. ఇదే ప్రశ్న కోటు వేసుకున్నవాణ్ణీ అడగాలి, దిసారినీ అడగాలి. ఏ జబ్బుకి చేస్తున్నావు, ఏం ఆపమంటున్నావు, ఎంత అడుగుతున్నావు?

దిసారి మా తాత వరస. తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఎప్పుడు పుట్టాడు, ఇల్లు వదిలి ఎన్నాళ్ళయింది, పండుగకి ఎన్నేళ్ళుగా రాలేదు అని అడిగాడు. నాలుగేళ్ళుగా రాలేదు. ఒక కోడిని కోయించి, అందరికీ పెట్టించి, "మాత్రలు మానకు. చైత్రంలో పండుగకి రా. వొక్కడివీ ఉండకు" అన్నాడు. అంతే మంత్రం. ఆరు వేలు అడగలేదు.

మాత్రలతో నిద్ర వచ్చింది. నిద్ర వచ్చాక మాట వచ్చింది. మాట వచ్చాక పాత పనివాళ్ళు నలుగురూ కలిసి కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళి కాగితం పెట్టారు. రెండు నెలల జీతంలో ఒక నెలది వచ్చింది. ఆ డబ్బు చేతికి వచ్చిన రోజు వాడి ముఖం చూసినప్పుడు ఏ కోర్సు దాన్ని ఇవ్వలేదని అర్థమైంది. మాత్ర ఒక పని చేసింది, జీతం ఒక పని చేసింది, మనుషులు ఒక పని చేశారు. ఏ ఒక్కటీ మిగతావాటి పని చేయలేదు.

ఈ నగరానికి మాట బలం తెలియనిది కాదు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్న నాలుగు మాటలు రాష్ట్రాన్ని కదిలించాయి. పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మాట అంత పని చేసింది. కాని ఆ మాటని ఒక మనిషి అద్దం ముందు నిలబడి అనలేదు. వీధిలో అందరూ కలిసి అన్నారు. అని ఊరుకోలేదు, దాని వెనక నడిచారు. ఊళ్ళవాళ్ళు భూములు ఇచ్చారు. మాటకి బలం ఎక్కడి నుంచి వస్తుందో మాకు అక్కడ తెలిసింది. దాని వెనక ఎవరున్నారో అక్కడి నుంచి.

2024 చైత్రంలో ఇటుకల పండుగకి అందరం వెళ్ళాం. ఆడవాళ్ళు దారికి కర్ర అడ్డం పెట్టి మా ఆటోని ఆపి పైకం అడిగారు. సాయంత్రం తుడుము, డప్పు, మోరి మోగాయి. థింసాలో పక్కవాళ్ళ వీపు మీదుగా చేయి చుట్టి పట్టుకుంటాం. ఒకరి అడుగు తప్పితే పక్కవాళ్ళ చేయి సర్దుతుంది. తమ్ముడు మొదట గట్టు మీద కూర్చున్నాడు. తర్వాత మగవాళ్ళ వైపు వెళ్ళి తుడుము అందుకున్నాడు. ట్రైనరు ఎదుటివాడి కూర్చునే తీరు, ఊపిరి, గొంతు మనం కూడా పట్టుకుంటే వాళ్ళు మనకి దగ్గరవుతారని చెప్పాడు. వాళ్ళు దాన్ని రాపో అంటారు. థింసా కూడా అదే అని చెప్పుకోవాలని మాకు సరదా లేదు. మన పూర్వీకులకి అన్నీ ముందే తెలుసనడం కూడా ఒక అమ్మకమే. తేడా ఒకటి చెప్పగలం. అక్కడ ఎదుటివాణ్ణి ఒప్పించడానికి అడుగు కలుపుతారు. ఇక్కడ పడిపోకుండా ఉండడానికి కలుపుతాం.

ఆ మర్నాడు సంతలో ఆ పిల్లాడు కనిపించాడు. ఇప్పుడు పిల్లాడు కాదు, పంతొమ్మిదేళ్ళు. పసుపు బస్తాలు జీపులోకి ఎక్కిస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆగి, నేల చూశాడు. ఆరేళ్ళుగా ఏం చెప్పాలో అనుకున్నవన్నీ ఆ క్షణంలో పోయాయి. మేము కూడా నేలే చూస్తూ అన్నాం. "తప్పు మాది బాబూ. డబ్బు ఆ పిల్ల పుస్తకంలోనే దొరికింది. నువ్వు తియ్యలేదు. అందరి ముందూ అడిగాం, అందరి ముందూ చెప్పవలసింది."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నాకు తెల్సు గదా టీచరమ్మా, నాను తియ్యలేదని" అన్నాడు. ఆ జవాబుకి మా దగ్గర ఏ విద్యా లేదు. కొంతసేపటికి తనే అడిగాడు. ఏడు దాకా చదివినవాళ్ళు పది కట్టొచ్చా అని. సార్వత్రిక పాఠశాల ద్వారా కట్టొచ్చని చెప్పాం. ఆ వేసవిలో కాగితాలన్నీ మేమే పోగు చేశాం. మా బడి రికార్డులో వాడి పేరు పక్కన ఎర్ర సిరాతో 'మానివేసెను' అని ఉంది. ఆ రాత మాది. పాడేరులో దరఖాస్తు కట్టి వచ్చాం. నెలకోసారి ఆదివారం మా ఇంటికి వస్తాడు. తమ్ముడు లెక్కలు చెబుతాడు. తమ్ముడికి ఇంకా పర్మినెంటు పని లేదు, ఒక గోదాములో చేస్తున్నాడు. మాత్రలు డాక్టరమ్మ చెప్పినట్టే తగ్గించుకుంటూ వచ్చి ఈ మధ్యనే ఆపారు.

నగరంలో హాస్టళ్ళలో, అద్దె గదుల్లో ఉన్న మన పిల్లలకి నాలుగు మాటలు. దిగులు వస్తే సిగ్గుపడకండి. నిద్ర రెండు వారాలు సరిగ్గా లేకపోతే ఎవరికైనా చెప్పండి, 14416కి ఫోన్ చేయండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కోర్సులు, పుస్తకాలు, ధ్యానం, ఏవైనా చూడండి, మంచి ప్రశ్న ఉంటే తీసుకోండి. కాని లోపమంతా నీలోనే ఉంది అని చెప్పేవాడి దగ్గర, మందు మానేయమనేవాడి దగ్గర, ముందు డబ్బు కట్టమనేవాడి దగ్గర ఎక్కువసేపు కూర్చోకండి. టీచర్లకి ఒక్క మాట. పిల్ల కిందికి చూస్తే, ముందు దాని గూడెంలో అది మర్యాద అవునా అని అడగండి.

తెలుగులో మేము వేరు, మనం వేరు. మేము అంటే ఎదుటివాడు బయట ఉంటాడు. మనం అంటే లోపలికి వస్తాడు. మా అవ్వ కుబిలో కూడా ఈ రెండూ వేరువేరే. మొన్న ఆదివారం ఆ పిల్లాడు లెక్కలు అయ్యాక లేస్తూ అన్నాడు. "టీచరమ్మా, వచ్చే చైత్రానికి మనం కలిసి వెళ్దాం." మాకు ఆరోజు ట్రైనరు ఇచ్చిన తెల్ల కాగితం గుర్తొచ్చింది. ఇప్పుడు ఇస్తే మొదటి మాట ఏం రాయాలో తెలుసు.